గుడ్డకు తగిలిన పోగు

ఇవ్వను. ఎవరొచ్చి అడిగినా ఇవ్వను. లిఫ్టు మెయిన్ స్విచ్చికి నా తాళంకప్ప వేలాడుతోంది, దాని చెవి నా చొక్కా జేబులో ఉంది, నేను ఈ మిషన్ రూము గుమ్మానికి అడ్డంగా బోర్లించిన గ్రీజు డబ్బా మీద కూర్చున్నాను. ఫోనులో తొమ్మిదీ పది. పదింటికి ఆరాధన. అంటే ఇంకో యాభై నిమిషాలు ఈ డబ్బా అంచు నా తొడల్లోకి దిగుతూనే ఉంటుంది, దిగనీ, బతుకంతా ఇంతకంటే గట్టి చోట్లే కూర్చున్నాను. ఇప్పటికి నాలుగుసార్లు మోగింది ఫోను, నాలుగుసార్లూ బావే. మా ఆవిడకు సొంత అన్నయ్య, మా సంఘంలో కట్టడం కమిటీకి పెద్ద. నేను మాత్రం లోపల్లోపల ఆయన్ని నడిపింపు పెద్ద అనుకుంటాను, ఎందుకంటే దేవుడి నడిపింపు లేనిదే ఆయన చీపురు కూడా కొనడు. ఈ పాత మేడకు అయిదంతస్తులు. నాలుగో అంతస్తు మొత్తం మా కొత్త ప్రార్థన హాలు, ఇవాళ దాని ప్రతిష్ఠ. సంఘాన్ని మొదలుపెట్టిన పెద్దయ్యగారు, ఎనభై నాలుగేళ్ల చక్రాల కుర్చీ మనిషి, పావు తక్కువ పదికి కారు దిగుతారు, ఆయన్ని లిఫ్టులో పైకి తెచ్చి రిబ్బను కత్తిరింపించాలని ఏర్పాటు. ఆయన వెనక ముసలమ్మలు, కాళ్లు పట్టేసినవాళ్లు, చంటిపిల్లల తల్లులు, ఎనిమిదేసి మంది చొప్పున పాటలు పాడుకుంటూ పైకి వస్తారట. రారు. ఈ లిఫ్టులో రారు. ఎనిమిదిన్నరకే దీన్ని అడుగు అంతస్తులో నిలబెట్టి, తలుపులు మూసి, కరెంటు తీసి, కప్ప బిగించాను. మా పనిలో ఒక కట్టుబాటుంది, ఎవడు ఆపాడో వాడే తియ్యాలి, వాడి కప్ప, వాడి చెవి, యజమాని వచ్చినా మంత్రి వచ్చినా అంతే. లోపల మనిషి చెయ్యి ఉండగా బయట ఎవడో తెలియక స్విచ్చి వేస్తే ఏమవుతుందో కళ్లారా చూసినవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు అది.

ఈ గదిలో పావురాల రెట్ట వాసన, మాడిన నూనె వాసన. మోటారు మేత మానేసిన దున్నపోతులా పడి ఉంది. దాని పక్కన పెద్ద చక్రం, చక్రం మీద నాలుగు ఇనుప తాళ్లు, నేలలో చేసిన కన్నాల్లోంచి చీకట్లోకి దిగిపోయి ఎక్కడో అడుగున ఆ ఇనుప గదిని పట్టుకుని ఉన్నాయి. చూడ్డానికి నిగనిగలాడుతూ బాగానే ఉంటాయి. అందుకే చూపును నమ్మకూడదు. నాకు పని నేర్పిన మేస్త్రి, దేవుడి ఊసు ఎన్నడూ ఎత్తనివాడు, నేను ఏడో తరగతి వదిలేసి ఆయన దగ్గర చేరిన మొదటి వారమే చెప్పాడు, ఒరేయ్, తాడును కంటితో చూసేవాడు సూపర్‌వైజరు, గుడ్డతో చూసేవాడు మెకానిక్కు. పాత నూలుగుడ్డ తాడు చుట్టూ వదులుగా పట్టుకోవాలి, లిఫ్టును నత్తలా నడిపించాలి, తాడు గుప్పిట్లోంచి జారిపోతుంటే కళ్లు మూసుకోవాలి. మంచి తాడైతే గుడ్డకు ఏమీ తెలియదు. ఎక్కడైనా ఒక పోగు తెగి వెంట్రుకలా పైకి లేస్తే మాత్రం గుడ్డను పట్టుకుంటుంది, చిన్న లాగు, పసిపిల్ల వేలు పట్టుకుని ఇటు చూడు అన్నట్టు. అక్కడ ఆపి సుద్దతో గీత పెట్టాలి. మొన్న గురువారం మధ్యాహ్నం నేను గుడ్డ పట్టుకుంటే రెండో తాడు ఒక్క మెలిక పొడవులో, అంటే బెత్తెడు మేరలో, పదకొండుసార్లు లాగింది. మూడో తాడు తొమ్మిది. మిగతా రెండింటి పురుల సందుల్లోంచి ఇటుక పొడిలాంటి ఎర్ర పొడి రాలింది, అంటే పైకి నవ్వుతూ లోపల లోపలే ఒకదాన్నొకటి అరగదీసుకుంటున్నాయన్నమాట, కొన్ని కుటుంబాల్లాగా. పోనీ తాళ్లు తెగితే పట్టాలను కరిచి పట్టుకోవలసిన దవడలు ఆ గది అడుగున ఉంటాయి కదా అంటే, వాటి కీలు తుప్పుపట్టి బిగుసుకుపోయింది, సుత్తి దెబ్బకు కూడా కదల్లేదు. నా అక్షరాలు కోడి గీకినట్టుంటాయి, అయినా చదవగలిగేలాగే రాసి ఇచ్చాను. తాళ్లు మార్చేదాకా నడపరాదు. కింద సంతకం.

శుక్రవారం బావ ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వచ్చాడు, తడిసిన చెప్పును పట్టుకున్నట్టు. కొత్త తాళ్లు రావడానికి ఎన్నాళ్లు పడుతుంది బావా అన్నాడు. పన్నెండు రోజులన్నాను. ప్రతిష్ఠ ఎల్లుండి కదయ్యా అన్నాడు. ప్రతిష్ఠ ఆపమనలేదు, లిఫ్టు ఆపమన్నాను అన్నాను. నాలుగు తాళ్లున్నాయి కదా, ఒకటి పోయినా మూడుంటాయి, నువ్వు మరీ చాదస్తం చేస్తున్నావన్నాడు. నాలుగూ ఒకేరోజు పుట్టినవి బావా, ఒకే చక్రం మీద ఒకేలా నడుం వంచుతున్నాయి, ఒకటి అలిసిందంటే మిగతావి కూడా నడుం మీద చెయ్యేసుకున్నట్టే అన్నాను. అప్పుడు తీశాడు ఆ మాట, సంచిలోంచి తీసినట్టు.

"పాస్టరు గారూ నేనూ ప్రార్థనలో ప్రభువు మాట కోసం కనిపెట్టుకుని ఉన్నాం బావా. ఆటంకం లేదు, ముందుకు సాగండి అని నడిపింపు వచ్చింది."

"ఎవరికొచ్చింది?"

"ఆయనకొచ్చింది. నాకూ వచ్చింది."

"తాడుకొచ్చిందా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను. మంచిదయింది. నీ నోరే నిన్ను తినేస్తుంది బావా, అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలోనే పెట్టి వెళ్లిపోయాడు.

మా సంఘంలో అదొక అలవాటు, బయటివాళ్లకు చెప్తే నవ్వుతారు. ఎంత పెద్ద చర్చ జరుగుతున్నా ఒకరు లేచి కళ్లు మూసుకుని నాకు నడిపింపు ఉంది అంటే ఇక అంతే, మిగతావాళ్లు ఆమెన్ అనాలి, కూర్చోవాలి. కాదనడానికి వీల్లేదు, కాదంటే మనిషిని కాదు, దేవుణ్ణి కాదన్నట్టు. సాక్ష్యాల వేళ చూడాలి ఆ సంబరం. ఒకావిడకు ప్రభువు ఫ్రిజ్జు రంగు కూడా చెప్పాడు, ఎరుపు. ఒక గుమాస్తాకు బదిలీ వద్దని చెప్పాడు, అదే వారం వాళ్లావిడకు కావాలని చెప్పాడు, ఆ ఇంట్లో కొన్నాళ్లు ఇద్దరు దేవుళ్లు. నాకు మాత్రం ఈ ముప్పై ఏళ్లలో ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు. అవును, నిన్నే అంటున్నాను ప్రభువా, ఇక్కడ నువ్వూ నేనూ పావురాలూ తప్ప ఎవరున్నారు. నేను అడగలేదా? మోకాళ్ల మీద కాయలు కాశాయి. కూడబలుక్కుని చదివేవాడినని ముందు వరసలో నిలబెట్టి వాక్యం చదివించరు, అందుకని ఇంట్లో వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాను. ఒక్క మాట, ఉత్తి పేరు పెట్టి పిలిచినా చాలనుకున్నాను. లేదు. నాకు వచ్చిందల్లా గుడ్డ లాగడమే. పొద్దున్నే పనికి పోతూ ఇవాళ నన్ను నడిపించు అంటాను, పోయి బోల్టు బిగిస్తాను, బిగిసిందో లేదో రెండోసారి చూడాలనిపిస్తుంది, చూస్తాను, అది నువ్వో నా చాదస్తమో ఎవరు చెప్పాలి? ఒక పెద్ద దుకాణం వాళ్లు తమ లిఫ్టును చూడకుండానే సంతకం పెట్టమన్నప్పుడు చెయ్యి కదల్లేదు, ఉద్యోగం పోయింది, ఆ వారమంతా సంఘంలో ఒక్కరూ దాన్ని సాక్ష్యం అనలేదు, తలబిరుసు అన్నారు. ఎర్ర ఫ్రిజ్జు సాక్ష్యం, నా ఉద్యోగం తలబిరుసు. సరే.

అయిదోసారి మోగుతోంది. మోగి మోగి అదే ఊరుకుంటుంది. కింద వీధిలో కార్ల తలుపులు పడుతున్నాయి, మైకు పరీక్ష చేస్తున్నారు, హలో హలో, ఒకటి రెండు మూడు, ఎవరో కుర్చీలు ఈడుస్తున్నారు. ఒకవేళ, ఒకవేళ అంటాను అంతే, ఇది నిజంగా తలబిరుసే అయితే? కింద హాలు గుమ్మం దగ్గర నల్లరాతి బండ పెట్టారు, ఈ హాలు కోసం పాటుపడినవాళ్ల పేర్లు చెక్కించి. తెరలు కుట్టిన దర్జీ పేరుంది, రంగులేసినవాడి పేరుంది, నెలనెలా ఊరికే ఈ లిఫ్టుకు నూనె పోసిన నా పేరు లేదు. పోయిన ఆదివారం ఆ బండ ముందు నిలబడి రెండుసార్లు చదివాను, నాకు చదవడం సరిగా రాదు కదా, తప్పిపోయానేమోనని మళ్లీ చదివాను. లేదు. కడుపులో మంట. ఆ మంటే ఇవాళ నా చేత ఈ కప్ప వేయించిందా? పెద్దయ్యగారి ముందు, సంఘం మొత్తం ముందు, చూడండి నేను లేనిదే మీరు నాలుగంతస్తులు ఎక్కలేరు అని చూపించుకోవడానికా? అలా ఉంటే ఉండనీ, ఆ మంట ఉంది, దాచను, నీ దగ్గర దాచితే దాగుతుందా. కానీ ఆ మంట పుట్టింది పోయిన ఆదివారం, ఈ పోగులు తెగింది అంతకు ఎన్నో నెలల ముందు. నా మనసు వంకరగా ఉండొచ్చు, తాడు వంకర నా మనసును అడిగి రాలేదు. కోపంగా ఉన్నవాడి చేతిలో కూడా గుడ్డ లాగేచోటే లాగుతుంది. పదకొండంటే పదకొండే.

అయినా ఇంత రభస దేనికి, నేనూ ఒక మాట అనొచ్చుగా? ఇక్కణ్ణుంచి లేచి, నాలుగో అంతస్తుకు దిగి, మైకు ముందు నిలబడి, కళ్లు మూసుకుని, ప్రభువు నాకు బయలుపరిచాడు సహోదరులారా, ఈ లిఫ్టు ఎక్కవద్దు. అయిపోయింది. బావ నోరు సగం తెరిచి అలాగే ఉండిపోతుంది, వాళ్ల కత్తితోనే వాళ్ల దారం తెంపినట్టు. ముసలమ్మలు స్తోత్రం అంటారు, పెద్దయ్యగారు తల ఊపుతారు, నేను తలబిరుసువాణ్ణి కాస్తా దర్శనం చూసినవాణ్ణయిపోతాను, ఎవరికీ దెబ్బ తగలదు, ఎవరి ప్రాణమూ పోదు, ఫలితం ఇదే, దారి మాత్రం సులువు. ఒక్క వాక్యం. మరి ఎందుకనవు? ఎందుకనను అంటే, ఒకసారి అన్నాను.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు అన్నాను. అప్పటి సంఘం పెద్ద మా మామగారు, ఆయన కూతురు ప్రతి బుధవారం కూడికలో వాక్యం చదివేది, పందొమ్మిదేళ్లు, ఎక్కడా తడబడకుండా, నాకు అర్థం కాని మాటలు కూడా ఆ గొంతులో అర్థమైనట్టే ఉండేవి. ఆమెకు నర్సు చదువుకు సీటు వచ్చింది, వేరే ఊళ్లో, మూడేళ్లు, వచ్చే నెలలో ప్రయాణం, పెట్టె కూడా కొన్నారు. పెట్టె తెచ్చిన రోజు చూశాను. ఏడో తరగతి లిఫ్టు మెకానిక్కుకు ఆ ఇంటి గుమ్మంలో మంచినీళ్లు ఇస్తారు గానీ పిల్లనిస్తారా? ఆ బుధవారం ప్రార్థన మధ్యలో లేచాను. కాళ్లు వణుకుతున్నాయి, అది భయం, వాళ్లు ఆత్మ అనుకున్నారు. ప్రభువు నాకు చూపించాడు అన్నాను, ఈ సహోదరి నాకు సహాయంగా నియమించబడింది అన్నాను, ఆ భాష అంతా వాళ్ల దగ్గర విన్నదే. ఏమీ చూపించలేదు నువ్వు. నాకు కనపడింది వాక్యం మీదికి వంగిన ఆ అమ్మాయి మెడ వెనక చెమట. అందరూ ఆమెన్ అన్నారు. మామగారి మొహం గొంతులో ముల్లు దిగినట్టయింది, కక్కలేడు మింగలేడు, ఆ అలవాటు పెట్టింది ఆయనే మరి. ఆ అమ్మాయి తలెత్తి నన్ను చూడలేదు, పైకప్పు వంక చూసింది, చాలాసేపు. వారం తర్వాత ఆ కొత్త పెట్టెతోనే నా ఇంటికొచ్చింది. ఇరవై ఏడేళ్లు. స్త్రీల కూడికలో ఎవరు అడిగినా చెప్తుంది, మా ఆయన్ని నేను చూసుకోలేదమ్మా, ప్రభువే చూపించాడు అని. అప్పుడు నేను తల దించుకుంటాను. వినయం అనుకుంటారు.

మెట్ల మీద అడుగులు. రెండు మెట్లు, ఆగడం. రెండు మెట్లు, ఆగడం, రైలింగు మీద ఉంగరం టక్కుమనడం. ఆ మోకాళ్లు నాకు తెలుసు, ఆ ఆయాసం నాకు తెలుసు. అయిదంతస్తులు, ఆ పైన ఈ ఇరుకు ఇనుప మెట్లు పద్నాలుగు. బావా, నువ్వు తెలివైనవాడివి, నేను ఎదురు చెప్పలేనిదాన్నే పంపావు. చెవి జేబులో ఉందో లేదో తడిమి చూసుకున్నాను. ఉంది. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, గోడకు చెయ్యి ఆనించి, చెమట తుడుచుకుని, నన్ను దాటుకుని వచ్చి మోటారు పక్కనున్న సిమెంటు దిమ్మ మీద కూలబడింది.

"ఇంత పైన ఏం కూర్చున్నారండీ, గుడ్లు పొదుగుతున్నట్టు."

"ఎవరు పంపారు?"

"ఎవరు పంపితే ఏం, ఎక్కినవి నా కాళ్లు." కాసేపు ఆయాసం తీర్చుకుంది. "అన్నయ్య ఒకే మాట అడగమన్నాడు. మీకు నడిపింపు ఉందా? ఉందంటే చాలంట, లిఫ్టు జోలికి ఎవరూ రారంట, పెద్దయ్యగారికి కూడా అలాగే చెప్తానన్నాడు. లేదంటే తాళంచెవి ఇచ్చెయ్యమన్నాడు."

"గుడ్డ సంగతి చెప్పలేదా నువ్వు?"

"చెప్పానండీ. నలభై ఏళ్ల సంఘం, నీ మొగుడి నూనెగుడ్డ మాట వినాలా అన్నాడు." నవ్వబోయి ఆపుకుంది. తర్వాత గొంతు తగ్గించి, చిన్నపిల్లకు మందు తాగించేటప్పటి గొంతుతో అంది, "ఒక్కసారి అడగండి ఆయన్ని. ఇప్పుడే, నేనూ ప్రార్థన చేస్తాను. అప్పుడు చెప్పాడుగా మీకు. ఒకసారి విన్న చెవులు కదా, మళ్లీ వినపడకుండా ఉంటుందా?"

కళ్లు మూసుకుంది కూడా. చేతులు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందుల్లో రైలింగు తుప్పు. ఇదిగో, పళ్లెంలో పెట్టి తెచ్చింది. ఉంది అంటే చాలు. ఉంది అన్న రెండక్షరాలు. ఆవిడ సంతోషంగా మెట్లు దిగుతుంది, నా మొగుడికి మళ్లీ చెప్పాడు అంటుంది, ఆ పాత అబద్ధానికి కొత్త సున్నం పడుతుంది, లిఫ్టు ఆగుతుంది, పెద్దయ్యగారు బతుకుతారు, అంతా మంచే. ఇంత మంచి అబద్ధం మళ్లీ దొరకదు. నాలుక మీదికి వచ్చేసింది, నిజంగా వచ్చేసింది, రుచి కూడా తెలిసింది. ఆవిడ కనురెప్పలు వణుకుతున్నాయి. ఆవిడ నిజంగానే అడుగుతోంది నిన్ను. నేను ఒక్కనాడూ అడగనట్టుగా అడుగుతోంది.

"లేదు," అన్నాను.

"ఇంకాసేపు కనిపెట్టండి."

"లేదే. ఇప్పుడూ లేదు. అప్పుడూ లేదు."

కళ్లు తెరిచింది. కిటికీ జాలి అవతల పావురం గోళ్లతో రేకును గీరుతోంది. అప్పుడంటే ఎప్పుడు అంది. బుధవారం అన్నాను. ఏ బుధవారం అంది. నీకు తెలుసు ఏ బుధవారమో అన్నాను. మైకులో ఎవరో పాట ఎత్తుకుని, శ్రుతి కుదరక ఆపేశారు. మరి మీకు ఎవరు చెప్పారు అంది. ఎవరూ చెప్పలేదు, నాకే కావాలనిపించింది అన్నాను.

"నాకు సీటు వచ్చిందని అప్పటికి తెలుసా?"

ఇక్కడ ఒక సందు ఉంది, తెలియదు అంటే సగం పాపం జారిపోతుంది. "తెలుసు. పెట్టె కొన్న రోజు కూడా చూశాను."

ఆవిడ నా వైపు కాదు, మోటారు వైపు చూస్తూ కూర్చుంది. ఇరవై ఏడేళ్లలో ఆవిడ ఎన్ని ఇంజెక్షన్లు చేసి ఉండేది, ఎన్ని తలల మీద తడిగుడ్డ వేసి ఉండేది, ఎన్ని రాత్రులు తెల్లటి బట్టల్లో నడిచి ఉండేది, నేనెప్పుడూ అనుకోలేదా, అనుకున్నాను, మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ఈవిడనే పిలుస్తారు, పిలిచిన ప్రతిసారీ అనుకున్నాను. అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాను. కప్ప వేసినవాడే తియ్యాలి, వాడి చెవి వాడి దగ్గరే, ఆ కట్టుబాటు ఇనుముకేనా.

"నువ్వే అడగొచ్చుగా," అంది. నువ్వు. ఇంతకాలంలో మొదటిసారి అండీ లేదు, మీరు లేదు. "మనిషివి వచ్చి మనిషిలా అడిగుంటే, ఊఁ అనేదాన్నో ఊహూఁ అనేదాన్నో, అది నా ఇష్టం అయ్యేది. ఊఁ అనేదాన్నేమో కూడా. నీకు తెలీదు. నాకూ తెలీదు ఇప్పుడు. దేవుడు చెప్పాడన్నాక ఇక నేనేం అనను?"

నేను డబ్బా అంచున ఎండిన గ్రీజును గోటితో గీరాను.

"ఇవాళెందుకు చెప్పావు మరి? ఉంది అంటే పోయేదిగా. నాకూ తెలిసేది కాదు, వాళ్లూ ఆగేవాళ్లు."

"అందుకే."

"అందుకే అంటే?"

"తాడు తెగుతుందని చెప్పడానికి దేవుణ్ణి లాక్కురావాలా? తెగిన పోగు చాలదా? ఇవాళ ఆపడానికి నేను లాక్కొస్తే, రేపు నడపడానికి మీ అన్నయ్య లాక్కొస్తాడు, నాకంటే బాగా మాట్లాడతాడు వాడు. ఇక తాడును చూసేదెవడు?" నా గొంతు నాకే పెద్దగా వినపడింది. "ఆయన నాకు చెవిలో ఏం చెప్పడే. ఏనాడూ చెప్పలేదు. చేతికి తగిలింది చూస్తాను, చూసింది చెప్తాను, చెప్పినదాని మీద కూర్చుంటాను. నాకొచ్చిన భక్తి ఇంతే. చాలకపోతే సంఘంలోంచి వెలి వెయ్యమను."

"ఆ రోజు కూడా ఇంతే రోషం ఉంటే బాగుండేది," అంది. మోకాలి మీద చెయ్యి వేసి లేచింది. నేను లేవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నాతో మాట్లాడకు." తాళంచెవి అడగలేదు. అడిగితే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు, నీకు తెలుసేమో. ఇనుప మెట్ల మీద ఆ అడుగులు దిగిపోయాయి, ఒక్కో మెట్టుకు ఆగుతూ.

కింది మలుపు దగ్గరే బావ కాచుకుని ఉన్నాడని అప్పుడు తెలిసింది. ఈ మెట్లదారి గొట్టం లాంటిది, గుసగుస కూడా పైకి తన్నుకొస్తుంది. పద్నాలుగు మెట్లవతల నా బతుకు మొత్తం ఆవిడ నోట్లో ఉంది. ఆ బుధవారం సంగతి ఒక్క ముక్క చెప్తే చాలు, ఇక ఈ పోగులకు కూడా విలువుండదు, అబద్ధికుడి గుడ్డ ఎవరు నమ్ముతారు, బావ పదిమందితో వచ్చి కప్ప పగలగొడతాడు, ముసలాయన్ని ఆ గదిలో కూర్చోబెడతాడు. నిజం చెప్పి నేనే వాళ్ల చేతికి సుత్తి ఇచ్చానా? డబ్బా మీంచి లేచి స్విచ్చి ముందుకు వచ్చి, వీపు దానికి ఆనించి నిలబడ్డాను. పగలగొట్టాలంటే ముందు నన్ను జరపాలి. వాళ్లలో ఎవరికీ అంత నడిపింపు లేదు.

"ఏమన్నాడే? ఉందన్నాడా?"

ఉంగరం రైలింగు మీద టక్కుమంది.

"లేదన్నాడు."

"చెప్పానా నీకు! ఒట్టి పొగరు. చెవి ఇచ్చాడా?"

"ఇవ్వడు."

"నేను తీసుకుంటాగా. తప్పుకో."

"తప్పుకోలేను అన్నయ్యా. మోకాళ్లు పట్టేశాయి, ఇక్కడే కూర్చుంటాను."

"ఇంత సన్నటి మెట్ల మీద అడ్డంగా కూర్చుంటే నేనెలా పైకి పోవాలి?"

"పోలేవు."

"ఇదేంటే, నీక్కూడా ఏమైనా నడిపింపు వచ్చిందా ఏంటి?" బావ గొంతులో మొదటిసారి భయం లాంటిది వినపడింది.

"నాకేం రాలేదు. నాకొచ్చింది మోకాళ్ల నొప్పి." మెట్టు మీద సర్దుకుని కూర్చున్న చప్పుడు. "పద్నాలుగు నెలల నుంచి ఆయన ఆ తాళ్లకు నూనె పోస్తున్నాడు. నువ్వు ఒక్కసారైనా ఈ మెట్లెక్కి చూశావా? చూడనివాడివి నీకెలా తెలిసింది బాగున్నాయని? వెళ్లు. నలుగురు మగాళ్లు కుర్చీని మొయ్యండి. పెద్దయ్యగారు నలభై కిలోలు కూడా ఉండరు."

బావ ఏదో అన్నాడు, సంఘం అన్నాడు, పరువు అన్నాడు, మీ మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకటే అన్నాడు. దానికి ఆవిడ, అది నువ్వు మాట్లాడకు, అది నేను తర్వాత చూసుకుంటాను అంది, ఆ గొంతు అయిదో అంతస్తు నుంచి నాకు తగలడానికే ఉన్నట్టు తగిలింది. తర్వాత బూట్ల చప్పుడు దిగిపోయింది, దబదబా, కోపంగా, అంతస్తు తర్వాత అంతస్తు.

ఇప్పుడు పది దాటింది. కింద మలుపుల్లో కుర్చీ గోడకు రాసుకుంటోంది, నిదానం నిదానం, ఎడమ పక్క ఎత్తు, అని అరుస్తున్నారు, పెద్దయ్యగారు నవ్వుతున్నారు కాబోలు, ముసలి నవ్వు దగ్గులా వినపడుతోంది. రెండో అంతస్తు దాటారు. మూడు. పాట మొదలైంది. ఆవిడ మెట్ల మీంచి లేవలేదు. పైకి రాలేదు, కిందికి పోలేదు. నీళ్లు కావాలా అని ఒకసారి అడిగాను. మాట్లాడొద్దన్నానా అని జవాబు. ఆ మాటలో అండీ లేదు, నువ్వూ లేదు.

ఇవాళ నీ నోట్లో నా మాట పెట్టలేదు ప్రభువా. అందుకు నన్ను మెచ్చుకోవద్దు, మెచ్చుకున్నా నాకు వినపడదు. ఇరవై ఏడేళ్లు ఆలస్యమైందని నాకు తెలుసు, దానికి క్షమాపణ నిన్ను అడగను, అడగవలసిన మనిషి పద్నాలుగు మెట్ల కింద కూర్చుని ఉంది. ఆవిడ లేచి పైకి అడుగేస్తుందో, కిందికి దిగి పాటలో కలుస్తుందో, ఇంటికే వస్తుందో, పెట్టె సర్దుకుంటుందో, అది ఆవిడ ఇష్టం. నువ్వు ఆవిడకు ఏమీ చెప్పకు. దయచేసి ఒక్క ముక్క కూడా చెప్పకు. నేను తలుపు తెరిచే ఉంచాను, వింటున్నాను.